పేరు రాసే చోటు లేదు

రేగులపాడు,
26 జూలై 2006

అన్నా,

నువ్వూ శ్యామల వదినా క్షేమంగా ఉండాలని ప్రభువును అడుగుతూ రిబ్కా రాసేది.

మొన్న సాయంత్రం నన్ను భద్రాచలం దవాఖానా నుంచి ఇంటికి తెచ్చారు. జ్వరం పోయింది. రక్తం ఎక్కించాక కాళ్లలో కొంచెం బలం వచ్చింది. స్కూలు క్వార్టర్ తలుపు తీయగానే ఆంథోని నన్ను గుమ్మంలోనే నిలబెట్టి, తను ముందు లోపలికి వెళ్లి ఏవో సర్దేశారు. ఏం సర్దారో నేను అడగలేదు.

నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయింది కనుక ఎలా జరిగిందో నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. ఆ శుక్రవారం నుంచే వాన. శనివారం మధ్యాహ్నం కూర్చుని పిల్లల నోట్సులు దిద్దుతుంటే, పొద్దుటి నుంచి కడుపులో కదలిక లేదని తట్టింది. ఆయన జీపు మాట్లాడారు. కానీ మా ఊరికీ రోడ్డుకీ మధ్య వాగు ఉంది కదా, అది నిండుగా పోతోంది. పోయి చూడడం, తిరిగి రావడం. ఆదివారం పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఈ ఊళ్లో కాన్పులు చేసే జంపక్క వచ్చింది. తరువాత జంపక్క, "బిడ్డ ఏడ్వలే మేడం," అనడం వినిపించింది. ఆ తరువాత నాకు తెలివి లేదు. తెలివి వచ్చేసరికి నువ్వు నా తల దగ్గర ఉన్నావు, బిడ్డ లేదు.

ఇక్కడి నర్సు నాగలక్ష్మి నిన్న చూడడానికి వచ్చి, "చచ్చి పుట్టినా రాపియ్యాలె మేడం, దానికి వేరే ఫారం ఉంటది," అంది. ఆయన వెంటనే పంచాయతీ ఆఫీసుకు వెళ్లారు. కార్యదర్శి వెంకటరామారావు గారు, "బతికి పుట్టిందా?" అని అడిగారట. లేదన్నారు ఈయన. "మరి నేనేం రాయాలె? పుట్టుక రాస్తే బతికినట్టు. చావు రాస్తే అంతకుముందు పుట్టినట్టు. ఇది రెండిట్ల దేన్లనూ పడదు. ఇంటికి పోయి ఆమెను చూస్కోండి," అని పంపేశారట. నాగలక్ష్మి మాత్రం తన నెల రిపోర్టులో వేసిందట. ఏమని వేశావని అడిగితే, "ఒకటి అని," అంది.

అన్నా, నువ్వు బిడ్డను చూశావు. ఎలా ఉంది? ఆయనను అడిగితే లేచి బయటికి వెళ్లిపోతున్నారు.

ఈ కింది మాట వదినకు చదివి వినిపించు, నీకు రాసేది కాదు. వదినా, పాలు పడ్డాయి. జంపక్క గుడ్డతో బిగించి కట్టింది. పక్క క్వార్టర్లో చంటిదాని ఏడుపు వినపడితే ఆ గుడ్డ తడిసిపోతోంది.

నీ చెల్లె,
రిబ్కా


ఖమ్మం,
1 ఆగస్టు 2006

చెల్లె రిబ్కాకు,

దేవుడు నిన్ను మాకు మిగిల్చినందుకు రోజూ మోకాళ్ల మీద ఉండి కృతజ్ఞత చెబుతున్నాం. అన్న సుకుమార్ రాసేది ఏమంటే, నీ ఉత్తరం భద్రాచలం సర్వీసు తోలే మన జంపయ్య డ్రైవర్ జాగ్రత్తగా తెచ్చి డ్యూటీలో ఉండగానే నా చేతికి ఇచ్చాడు. తల్లాడ దాటేదాకా టికెట్లు కొట్టాను గానీ ఎవరికి ఏ ఊరిది ఇచ్చానో తెలియదు. ఒకాయన, "కండక్టరు సాబ్, నేను దిగేది కొత్తగూడెం," అని టికెట్టు వెనక్కి ఇచ్చాడు.

నువ్వు ఆ కాగితం సంగతి మనసులో పెట్టుకోకు. నాకు అర్థమైంది. పుట్టి పోయినట్టు రుజువు లేకపోతే మీ ఆఫీసువాళ్లు కాన్పు సెలవు ఇవ్వరు. గర్భం పోయిందని రాసి కొద్ది రోజులే ఇస్తారు. అదే కదా నీ దిగులు? మా డిపో క్లర్కు బావమరిది మీ డిపార్టుమెంటులోనే ఉన్నాడు. మెడికల్ సెలవు కింద చూసుకుందాం, ఆ పంచాయతీ ఆయనను బతిమాలే పని లేదు.

ఖమ్మం వచ్చెయ్. వదిన వేడివేడిగా వండిపెడుతుంది. పొద్దస్తమానం ఆ నాలుగు గోడల్లో కూర్చుంటే మనసు పాడవుతుంది. నీకేం వయసు మించిపోలేదు. దేవుడు మళ్లీ ఇస్తాడు. మన అమ్మకు కూడా నాకంటే ముందు ఒకటి పోయిందట, ఆడో మగో ఆమె కూడా ఎప్పుడూ చెప్పలేదు. మరిచిపోయింది. నువ్వూ మరిచిపోతావు.

వదిన నీ మాట విని వంటింట్లోకి వెళ్లి చాలాసేపు రాలేదు. నీకు ముద్దులు చెప్పమంది.

ఆంథోనిని బాగా చూసుకో. మనిషి బయటికి కనపడనివ్వడు గానీ బాగా దెబ్బతిన్నాడు.

ప్రార్థనలో తలుచుకుంటూ,
అన్న సుకుమార్


రేగులపాడు,
3 ఆగస్టు 2006

అన్నకు,

వందనాలు. నీ ఉత్తరం అందింది. అందకపోయినా బాగుండేది.

సెలవు కోసం కాదన్నా. నేను సోమవారం నుంచి బడికి పోతున్నాను. పిల్లలు నన్ను ఏమీ అడగలేదు. ఒకతి మాత్రం నేను బోర్డు మీద రాస్తుంటే వెనక నుంచి వచ్చి నా కొంగు పట్టుకుని కాసేపు నిలబడి పోయింది.

ఎందుకో నీకు చెప్తాను విను. ఇక్కడికి ఒకటో తరగతిలో చేర్చడానికి వచ్చే అమ్మానాన్నలకు పిల్లల పుట్టిన తేదీ తెలియదు. "ఇప్పపువ్వు రాలేటప్పుడు," అంటారు. "పోయిన వరదకు పొట్టల ఉన్నది," అంటారు. నేను వేళ్ల మీద లెక్క వేసి జూన్ నెలలో ఒక తేదీ రాసేస్తాను. నా తరగతిలో సగం మంది పిల్లలు నేను రాసిన రోజున పుట్టినవాళ్లే. నా చేత్తో ఇంతమందిని పుట్టించాను. నా బిడ్డ పుట్టిన రోజు నాకు తెలుసు, జూలై తొమ్మిది, ఆదివారం పొద్దున. దాన్ని రాయడానికి ఎవరి దగ్గరా పుస్తకం లేదంటున్నారు.

అమ్మ మరిచిపోయిందని నీకెవరు చెప్పారు? అమ్మను ఎవరైనా ఎప్పుడైనా అడిగారా?

బిడ్డ పేరు ఆరాధన. ఆరో నెలలోనే అనుకున్నాను, ఆయనకు కూడా చెప్పలేదు. నీకే మొదట చెప్తున్నాను. నువ్వు ఎలా ఉందో రాయలేదు. ఒక్క ముక్క రాయొచ్చు కదా.

మళ్లీ వాన పట్టింది. గోదావరి పెరుగుతోందని రేడియోలో చెప్తున్నారు. ఈ ఉత్తరం భద్రాచలం చేరుతుందో లేదో.

రిబ్కా


భద్రాచలం బస్టాండు,
14 ఆగస్టు 2006

చెల్లె రిబ్కాకు, ఆంథోనికి,

ఇద్దరూ క్షేమమని విన్నాను, ప్రభువుకు స్తోత్రం. నా ఉత్తరానికి నీ నుంచి జవాబు రాలేదు. వరదలో ఎక్కడో చిక్కుకుని ఉంటుంది.

మమ్మల్ని ఇక్కడ వరద డ్యూటీకి వేశారు. నీళ్లు వీధుల్లోకి వచ్చిన రోజు బస్సుల నిండా మనుషులే, మూటలే, మేకపిల్లలే. టికెట్టు లేదు, లెక్క లేదు. ఒక ముసలామె తలుపు రెక్క ఒకటి ఊడదీసి చంకన పెట్టుకుని ఎక్కింది. "గిదొక్కటే మిగిలింది బిడ్డా, దీన్ని ఇడిచి యాడికి పోవాలె," అంది. ఆ రెక్కకు కూడా చోటిచ్చాను.

నిన్న చర్ల రోడ్డులో సామాన్ల లారీ వెళ్తుంటే ఎక్కి మీ వాగు దాకా వచ్చాను. ఇంకా మనిషి లోతు ఉంది, దాటలేకపోయాను. అవతలి ఒడ్డున ఎవరో ఉంటే కేకేశాను. "స్కూల్ల ఉన్నరు, అందరు మంచిగున్నరు," అని చేతులూపి చెప్పాడు. కాసేపు నిలబడి వెనక్కి వచ్చేశాను.

నువ్వు వాగు వైపు పోవద్దు. ఒడ్డులు జారుతున్నాయి. నీళ్లు తగ్గినా పోవద్దు, చెప్తున్నాను.

సెలవు మంజూరైందా? క్లర్కుకు చెప్పి ఉంచాను. రోడ్డు తెరవగానే ఖమ్మం బయలుదేరండి.

అన్న సుకుమార్


రేగులపాడు,
30 ఆగస్టు 2006

అన్నా,

వందనాలు. నీ ఉత్తరం చూశాను. నా ముందరి ఉత్తరం నీకు అందే ఉండాలి ఇప్పటికి. అందినా నువ్వు సెలవు గురించే అడుగుతావేమో.

వాగు దాకా వచ్చావు. లోపలికి రాలేదు. నీళ్లు మరుసటి రోజుకే మోకాలి లోతుకు వచ్చాయి. ఒక్క రోజు ఆగితే నన్ను చూసేవాడివి. ఆంథోనితో అంటే, "మీ అన్నకు డ్యూటీ," అని ఊరుకున్నారు. మీ ఇద్దరూ ఏదో ఒప్పందం చేసుకున్నట్టు మాట్లాడతారు.

వరదకు పల్లపు ఇళ్లవాళ్లంతా మా బడిలోనే ఉన్నారు. నాలుగో తరగతి గదిలో ఒకామెకు కొడుకు పుట్టాడు. చేసింది జంపక్కే. వేడినీళ్లు నేనే కాచి ఇచ్చాను. వాడు పుట్టగానే ఎంత గట్టిగా ఏడ్చాడంటే వరండాలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తరువాత వంట గదిలోకి వెళ్లి బియ్యం బస్తా మీద కూర్చున్నాను.

ఆ మరునాడు వెంకటరామారావు గారు బియ్యం పంచడానికి వచ్చారు. పిల్లవాడు పుట్టాడని తెలిసి జేబులోంచి కాగితం తీసి తండ్రి పేరు, తల్లి పేరు, తేదీ అక్కడే నిలబడి రాసుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. "సార్, నా బిడ్డను కూడా రాసుకోండి," అన్నాను. అందరూ నా వైపు తిరిగారు. ఆయన పెన్ను మూసి, "ఆఫీసుకు రామ్మా," అన్నారు.

వెళ్లాను. నాగలక్ష్మి కూడా వచ్చి, "సార్, దవాఖానాలో ఆ ఫారాల కట్ట నేను చూసిన. మీకు కూడా వచ్చి ఉంటయి," అంది. ఆయన బీరువా అంతా తీసి వెతికారు. అడుగున దొరికాయి, దారం కట్టు విప్పనివి. వాటిని చూసి ఆయన ముఖం చిన్నబోయింది. "ఇన్నేండ్ల సర్వీసుల ఒక్కటి రాయలేదమ్మా. ఎవ్వరు అడగలే. మీ ఆయన వచ్చిననాడే రాయాల్సింది, నాకు తెలవక తిప్పి పంపిన," అన్నారు.

ఇప్పుడు గడువు దాటింది కనుక ఆయన ఒక్కరి సంతకంతో కాదట. ఆలస్యం ఎందుకైందో నోటరీ ముందు అఫిడవిట్ ఇవ్వాలి. పైనుంచి అనుమతి రావాలి. బిడ్డను చూసినవాళ్లు, మట్టి చేసినవాళ్లు ఇద్దరు రాసి ఇవ్వాలి. పైవాళ్లు విచారణకు వస్తే పెట్టిన చోటు చూపించాల్సి ఉంటుందని అన్నారు.

ఎక్కడ పెట్టారన్నా? ఊరవతల మంచి చోట అని మాత్రమే నాకు చెప్పారు. ఆయనను అడిగితే, "మీ అన్నను అడుగు," అంటున్నారు. అడుగుతున్నాను.

రిబ్కా


ఖమ్మం,
6 సెప్టెంబర్ 2006

రిబ్కాకు,

నీ రెండు ఉత్తరాలూ ఒకదాని వెనక ఒకటి అందాయి. సెలవు మాట ఎత్తినందుకు నొచ్చుకోకు. తెలియక రాశాను.

అయితే ఒకటి చెప్తాను, పెద్దవాణ్ని కనుక కోపం తెచ్చుకోకుండా విను. ఈ ఆఫీసుల చుట్టూ తిరగడం ఆపెయ్. నువ్వు పది మంది ముందు నిలబడి నా బిడ్డను రాసుకోండి అన్నావని చదివి నాకు నెత్తి మీద కొట్టినట్టైంది. వదినకు ఆ ఉత్తరం చూపించలేదు. ఊళ్లో నిన్ను ఏమనుకుంటారు? బుద్ధి చలించిందనుకోరా? పైనుంచి విచారణకు వచ్చినవాడు ఏమడుగుతాడో తెలుసా? బిడ్డకు ఏమైనా చేశారా అని కూడా అడుగుతాడు. ఆంథోనిని కూర్చోబెట్టి అడుగుతాడు. అది తట్టుకుంటావా?

చచ్చి పుట్టిన బిడ్డకు రాత ఎందుకు? దేవుని దగ్గర ఉన్నదాన్ని మళ్లీ పంచాయతీ పుస్తకంలోకి లాగడం ఎందుకు?

చోటు సంగతి అడగకు. మంచి చోటే. అక్కడికి పోయి నువ్వు చేసేదేమీ లేదు. మనుషులం, మట్టిలో కలుస్తాం. ఆ మట్టిని తవ్వి చూపించమని ఎవరడిగినా నేను ఒప్పుకోను.

క్రిస్మస్ లోపు ఒకసారి వచ్చిపో.

సుకుమార్


రేగులపాడు,
13 సెప్టెంబర్ 2006

అన్నకు,

నిన్న నేనే ఆంథోని చెయ్యి పట్టుకుని, "పదండి, చూపించండి," అన్నాను. మోటార్లు బాగుచేసే తన షాపు మూయకుండానే నా వెంట వచ్చారు. వాగు వైపు నడిచారు. ఒడ్డు దగ్గరికి రాగానే ముందుకు పోలేక కూర్చుండిపోయారు. చేత్తో నీళ్ల వైపు చూపించారు.

అక్కడ నీళ్లే ఉన్నాయి.

వాగులో వేశారా? నిజం చెప్పు. నేను తెలివిలేకుండా పడి ఉంటే, నువ్వూ ఆయనా కలిసి నా బిడ్డను వాగులో వేశారా? అందుకేనా చోటు అడగొద్దన్నావు, వాగు వైపు పోవద్దన్నావు, లోపలికి రాకుండా వెళ్లిపోయావు?

ఆయన ఏడుస్తున్నారే గానీ జవాబు చెప్పరు. నేను ఆయనతో మాట్లాడడం మానేశాను. నీతో కూడా ఇదే ఆఖరు, నువ్వు నిజం రాయకపోతే.


ఖమ్మం,
17 సెప్టెంబర్ 2006

నా చిట్టి చెల్లెకు,

జంపయ్య నీ ఉత్తరం ఇచ్చి, "మీ చెల్లె ముఖం బాలేదన్నా, జల్దీ జవాబు రాయి," అన్నాడు. సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. వదిన పక్కనే ఉంది. అన్నీ ఆమెకు చూపించాను ఈసారి.

వాగులో వేయలేదు. నీ మీద ఒట్టు, నా ఒడిలో పెరిగినదానివి, నీ మీద ఒట్టు వేసి అబద్ధం చెప్పను.

నేను వచ్చేసరికి వాగు తగ్గింది. నువ్వు కాలిపోయే జ్వరంతో ఉన్నావు. నిన్ను ఆ సాయంత్రమే భద్రాచలం తీసుకుపోవాలి. బిడ్డను అలా ఉంచి పోలేం. జంపక్క పెనిమిటి వచ్చి, "మా చిన్నపిల్లల్ని పెట్టే జాగ ఉన్నది, మీకు ఇష్టమైతే," అన్నాడు. వాగు గట్టు మీదే గానీ బాగా ఎత్తున ఉంది. ఎన్నో ఏళ్ల వానలకు కదలని నేల అన్నాడు. ఆంథోని గడ్డపార ఎత్తాడు గానీ ఒక్క పోటు వేసి వదిలేశాడు. నేనే తవ్వాను. లోతుగానే తవ్వాను. నా తువ్వాలులో చుట్టి ఉంది. దించింది మాత్రం ఆంథోనియే. నన్ను తాకనివ్వలేదు. గుంటలోకి దిగి, రెండు చేతుల మీద ఉంచుకుని ఎంతసేపు నిలబడ్డాడో. "పైకి రా," అంటే, "మట్టి తడిగ ఉన్నది, సలి పెడ్తదేమో," అన్నాడు. అందుకని ఎండుటాకులు తెచ్చి కింద వేశాం.

ప్రార్థన నాకు నోటికి రాలేదు. ఎన్ని సమాధుల దగ్గర పాడాను, ఆ రోజు ఒక్క మాట రాలేదు. ఆంథోని పరలోక ప్రార్థన మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయాడు. చివరికి జంపక్క పెనిమిటే వాళ్ల భాషలో ఏవో నాలుగు మాటలు అని ముగించాడు. ఏమన్నాడని నేను అడగలేదు.

ఆగస్టులో వాగు దాకా వచ్చింది నిన్ను చూడడానికే. ఇవతలి ఒడ్డున నిలబడి చూస్తే ఆ గట్టు లేదు. కత్తితో కోసినట్టు పోయింది. పెట్టింది మన బిడ్డ ఒక్కదాన్నే కాదు అక్కడ, వాళ్ల పిల్లలందరూ పోయారు. ఆ మాట నీ ముఖం చూసి ఎలా చెప్పను? నీళ్లు తగ్గేదాకా ఆగితే నువ్వు అడుగుతావని, అడిగితే చెప్పేస్తానని భయపడి పారిపోయాను. ఆంథోనికి కూడా తెలుసు. నీకు చెప్పొద్దని అతనికి నేనే కబురు పంపాను. అతని మీద కోపం పెట్టుకోకు. నా మాట నిలబెట్టి నీ దగ్గర చెడ్డవాడైపోయాడు.

ఎలా ఉందని అడిగావు. రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

జుట్టు ఒత్తుగా ఉంది, నుదుటి మీదికి అంటుకుని ఉంది. ఎడమ చెవి కొంచెం మడత పడి ఉంది. నుదురు నీదే, వెడల్పుగా. గడ్డం ఆంథోనిది. గోళ్లు పెరిగి ఉన్నాయి, చాలా చిన్నవి, తీయాల్సినంత పెరిగాయి. పెదవులు నల్లబడి ఉన్నాయి. నిద్రపోతున్నట్టు ఉందని రాస్తే నీకు బాగుంటుందేమో గానీ అలా లేదు. చనిపోయినట్టే ఉంది. కానీ బిడ్డ, రిబ్కా. అన్నీ ఉన్న బిడ్డ. తువ్వాలులో చుట్టే ముందు నేను అరచేత్తో తల నిమిరాను. పేరు అప్పుడు తెలిసి ఉంటే పిలిచేవాణ్ని.

నేను వద్దన్న పని నేనే చేశాను. నిన్న కోర్టు దగ్గర నోటరీ ముందు రాసి సంతకం పెట్టాను. బిడ్డను నా కళ్లతో చూశాననీ, నా చేతులతో మట్టి చేశాననీ, ఆ చోటు వరదకు కోసుకుపోయిందనీ. దీనితో పెట్టాను. విచారణకు ఎవరు వచ్చినా నన్ను పిలిపించమను. వచ్చి చెప్తాను.

ఆంథోనితో మాట్లాడు.

అన్న


రేగులపాడు,
18 అక్టోబర్ 2006

అన్నకు, వదినకు,

ప్రభువు మిమ్మల్ని కాపాడాలి. చాలా రోజులు రాయలేదు. కోపం కాదు. నీ ఉత్తరాన్ని ఆయనకు చదివి వినిపించాను, ఆకులు పరిచిన దగ్గర ఇద్దరం ఆగిపోయాం. ఆ రోజు మొదటిసారి మేమిద్దరం కలిసి ఏడ్చాం. అంతవరకు ఎవరి మూల వాళ్లదే.

నిన్ను అన్న మాటలు వెనక్కి తీసుకోలేను, రాసేశాను. నువ్వు చింపెయ్.

జంపక్కను అడిగాను, ఆ రోజు మీ ఆయన ఏమన్నాడని. ఆమె చెప్పలేదు. "అది మగోళ్లు అక్కడ అనే మాట, ఇంట్ల అనరాదు," అంది. ఆమె పిల్లలు ఇద్దరు ఆ గట్టు మీద ఉండేవాళ్లట. ఇన్ని నెలలు నా ఇంటికి వస్తూ పోతూ ఆ సంగతి నాకు చెప్పలేదు.

విచారణకు ఎవరూ రాలేదు. నీ అఫిడవిట్, మాది, నాగలక్ష్మి రాసిచ్చిన కాగితం చూసి పైనుంచి అనుమతి వచ్చింది. నిన్న కబురు పెడితే ఆయనా నేనూ జంపక్కా వెళ్లాం. వెంకటరామారావు గారు బల్ల తుడిచి, మా ముగ్గురికీ కుర్చీలు వేయించి, ఆ ఫారం తీశారు.

తేదీ రాశారు. ఆడ అని రాశారు. తరువాత నేను, "పేరు ఆరాధన," అన్నాను. ఆయన కాగితం పైనుంచి కిందికి చూశారు, మళ్లీ చూశారు. తరువాత కాగితాన్ని నా వైపు తిప్పి, "పేరు రాసే జాగ లేదమ్మా దీంట్ల," అన్నారు. నిజంగానే లేదు. పక్కన ఎక్కడైనా చిన్నగా రాయమన్నాను. "లేని గడిల రాస్తే పైన కొట్టేస్తరు. మొత్తం పోతది," అన్నారు. ఆయన తప్పేమీ లేదు. మిగతావి రాయమన్నాను.

ఎన్నో నెల అని రాశారు. కాన్పు చేసింది ఎవరని రాశారు. జంపక్క తన పేరు రాసే చోటు వేలితో తాకి చూసింది. తరువాత, చనిపోవడానికి కారణం.

"వాగు," అన్నాను.

ఆయన పెన్ను ఆపారు. "అట్ల రాయరాదమ్మా. రోగం పేరో, ఇంకేదో రాయాలె."

"రోగం లేదు సార్. బ్రిడ్జి లేదు. శనివారం మధ్యాహ్నం దవాఖానాకు పోయి ఉంటే బతికేది కావచ్చు."

"కావచ్చమ్మా. కాని నేను రాయలేను. నర్సమ్మ కాగితంల తెలియదు అని ఉన్నది."

ఆంథోని ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి కదా. లేచి నిలబడి, "తెలియకపోవుడేంది సార్, మీరు గీ వాగు దాటే వచ్చిన్రు గదా ఇయ్యాల పొద్దున. చెప్పులు చేత పట్టుకొని," అన్నారు. వెంకటరామారావు గారు తల వంచుకున్నారు. కాళ్లకు ఇంకా తడి బురద ఉంది. చివరికి ఆయన తెలియదు అనే రాశారు. గొడవ పెట్టుకోవచ్చు. పెట్టుకుంటే ఆ కాగితం మళ్లీ బీరువా అడుగుకు పోతుందని భయమేసింది. ఆంథోని భుజం నొక్కి కూర్చోబెట్టాను.

సర్టిఫికెట్ ఇస్తారా అని అడిగాను. "చచ్చి పుట్టినోళ్లకు సర్టిఫికెట్ ఉండదు. పుస్తకంల మాత్రం ఉంటది, ఎన్నేండ్లయినా," అన్నారు. అంటే నా చేతికి ఏమీ రాదు. అమ్మకు ఎలా ఏమీ రాలేదో అలాగే.

ఇంటి యజమాని సంతకం పెట్టాలన్నారు. ఆంథోని, "ఆమె పెడ్తది సార్," అన్నారు. కార్యదర్శి గారు అభ్యంతరం చెప్పలేదు. కాగితాన్ని నా ముందు పెట్టారు. సంతకం పెట్టే ముందు మొత్తం చదువుతానన్నాను. బడిలో పిల్లల చేత చదివించినట్టు ఒక్కొక్క గడీ వేలు పెట్టి చదివాను. తండ్రి పేరు, ఆంథోని. దాని కింద తల్లి పేరు. రిబ్కా.

అన్నా, అక్కడ నా వేలు ఆగిపోయింది. దవాఖానా చీటీలో నేను పేషెంటును. ఆఫీసులో సెలవు మీద ఉన్న టీచరును. ఊళ్లో పాపం అనిపించుకునే మేడమును. ఈ మూడు నెలల్లో ఆ మాట నా పేరు పక్కన ఎవరూ అనలేదు, రాయలేదు. ఆంథోని కూడా అనలేదు. వెంకటరామారావు గారు, "ఏమైనా తప్పు పడ్డదామ్మా?" అన్నారు. "లేదు సార్, సరిగ్గానే ఉంది," అని సంతకం పెట్టాను.

తిరిగి వస్తూ ముగ్గురం వాగులోకి దిగాం, నీళ్లు పాదాలు కూడా మునగనంత ఉన్నాయి. జంపక్క మధ్యలో ఆగి, చీర కుచ్చిళ్లు పట్టుకుని, చాలాసేపు ఇసుక వైపు చూస్తూ నిలబడింది. మేమూ ఆగాం. తరువాత ఎవరి ఇంటికి వాళ్లం పోయాం.

ఈ రోజు బడి ఉంది. మూడో తరగతికి లెక్కలు చెప్పాలి. ఉంటాను.

ఇట్లు,
ఆరాధన తల్లి
రిబ్కా